లోపలి మడత

ఇబ్రహీంపట్నంలో ఆ ఉదయం సత్తార్ వాకిట్లో ఆటో తుడుచుకుంటున్నాడు. అతని తల్లి జమాల్ బీ లోపల మంచం మీద కూర్చుని చాయ్ ఊదుకుంటోంది. కోడలు మెహనాజ్ అత్త జాకెట్‌ను కుట్టుమిషన్ మీద పెట్టుకుని ఆలోచనలో పడింది.

మూడు నెలల్లో జమాల్ బీ సగమైపోయింది. జాకెట్లు భుజాల మీంచి జారుతున్నా కొత్తవి వద్దంది.

"పాతవే బిగియ్యి బేటీ. లోపలికి మడిచిన బట్ట మాత్రం కొయ్యకు. ఒళ్లు పట్టినంక కుట్టు ఇప్పుకొని తొడుక్కుంట."

మెహనాజ్ అప్పటిదాకా దిండు గలీబులు తప్ప ఏమీ కుట్టలేదు. మొదటి జాకెట్‌కు పక్కలు మాత్రమే బిగిస్తే చంకల్లో పట్టేసి చెయ్యి లేవలేదు. రెండోదానికి చేతులు విప్పి మళ్లీ కుట్టేసరికి కుడిది ఎడమకు పోయింది. అది చూసి జమాల్ బీ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. మెహనాజ్ బ్లేడుతో కుట్లు విప్పుకుంటూ, చెయ్యి నుంచి నడుము దాకా ఒకే వంపుగా కుట్టాలని చివరికి తెలుసుకుంది. మూడోది అద్దినట్టు కూర్చుంది. పదిహేను రోజులకు అదీ వదులైంది.

మళ్లీ బిగించింది. మడత మీద మడత పడి లోపలి బట్ట దళసరెక్కింది. ఆ ఉదయం స్నానం చేయిస్తుంటే అత్త పక్కటెముకల మీద ఎర్రటి వాతలు కనిపించాయి. చాలాసేపు తటపటాయించి, మెహనాజ్ కత్తెర తీసుకుంది.

లోపలి బట్ట ముక్కలు నేల మీద పడ్డాయి. జమాల్ బీ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"కొయ్యొద్దన్న గదనే!"

"ఒరుసుకుంటుంది అమ్మీ... అందుకే..."

"ఇగ నాకు ఒళ్లు పట్టదని నీకెవరు చెప్పిండ్రు?"

మెహనాజ్ వంగి ముక్కలు ఏరసాగింది. తల్లి గొంతు విని సత్తార్ లోపలికొచ్చాడు.

"జర ముక్కలకే గింత కోపమా అమ్మీ? కొత్తది కుట్టిస్త తియ్యి."

"జాకెట్ ముచ్చట కాదురా. దవాఖానల డాక్టర్ నిన్నొక్కన్నే పిలిచి ఏం చెప్పిండు?"

"కడుపుల పుండు అన్నడు. మందులకు..."

"నీ పెండ్లాం మొకం జూసి చెప్పు. దానికి అబద్ధమాడ రాదు."

భార్య కళ్లలో నీళ్లు చూసి సత్తార్ గడప మీద కూలబడ్డాడు.

"కాన్సరంట అమ్మీ. ఇగ మందులు పని చెయ్యయంట. నీకు చెప్పే ధైర్యం రాలే."

మెహనాజ్ వచ్చి అత్త కాళ్లు పట్టుకుంది.

"తప్పు చేసిన అమ్మీ. కొయ్యకుంట ఉండాల్సింది."

"నువ్వు కోస్తే వచ్చిందా ఈ రోగం?" జమాల్ బీ ఆమె తల నిమిరింది. "నాకు అనుమానం ఉండనే ఉండె. అయినా ఆశ సావదు గద. నాకు యాడ ఒరుసుకుంటుందో చూసినవ్. కన్నబిడ్డ గూడ గంత చూడదు."

తర్వాత కొడుకును పిలిచింది.

"ఇన్ని దినాలు నువ్వు ఆటోల కూసొని ఏడ్చినవ్. ఇది మిషన్ కాడ ఏడ్చింది. నేను దుప్పటి కప్పుకొని ఏడ్చిన. ఒకరికి తెల్వకుంట ఒకరం ఏడ్చింది చాలు. ఇట్ల రా బేటా."

సత్తార్ తల్లి ఒళ్లో తల పెట్టి పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. జమాల్ బీ రెండో చేత్తో కోడల్ని దగ్గరికి లాక్కుంది. అప్పుడు, వాళ్ల ముందు మొదటిసారి, తానూ ఏడ్చింది.