మొండి కొళాయి

ఆ ప్రైవేటు స్కూల్లో లేనిదంటూ లేదు. లిఫ్టు ఉంది, గదిగదికీ ఏసీ ఉంది, ఆఫీసులో రంగురంగుల చేపల తొట్టె ఉంది. ఆడుకోవడానికి మాత్రం జానెడు జాగా లేదు. ఉన్న కాస్త ఖాళీలోనూ కొత్త బిల్డింగు కోసం పునాదులు తవ్వేశారు. గోడకు అవతలున్న సర్కారు బడి పరిస్థితి సరిగ్గా దీనికి తిరగేసింది. గదులు కురుస్తాయి, బెంచీలు కుంటుతాయి, గ్రౌండు మాత్రం గుర్రప్పందాలు పెట్టుకోవచ్చు అన్నంత ఉంటుంది.

అందుకని ఆటల పోటీలు దగ్గరపడేసరికి ప్రైవేటు స్కూలు ప్రిన్సిపల్ మేడమ్ మనసు చంపుకుని గోడ అవతలివాళ్లని గ్రౌండు అడిగారు. వాళ్లు సరేనంటూనే, పోటీలు రెండు బళ్లకీ కలిపి పెట్టాలని మెలిక పెట్టారు. దాంతో ఎప్పుడూ గడియ వేసి ఉండే గోడలోని చిన్న తలుపు తెరుచుకుంది. పిల్లల్ని అటు తీసుకెళ్లి తీసుకొచ్చే పని మూడో తరగతి టీచరు నెత్తిన పడింది.

ఆమె తలుపు దాటి నాలుగడుగులు వేసిందో లేదో, చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది.

"అక్కడే ఆగండి టీచర్ గారూ. అది గీత."

ఆమె కిందికి చూసుకుంది. అప్పుడే వేసిన తెల్లటి సున్నం గీత ఆమె చెప్పుల కింద చెదిరిపోయి ఉంది. వెనకున్న పిల్లలు మిగతాది కూడా చెరిపేశారు. ఎదురుగా సున్నం బకెట్టు పట్టుకుని సర్కారు బడి ఆటల మాస్టారు నిలబడి ఉన్నాడు. ఎండకు కమిలిన ముఖం, మెళ్లో విజిల్, మోచేతుల దాకా సున్నం. నవ్వు మాత్రం పెదాల చివర ఎక్కడో దాక్కుని ఉంది.

"పోనీలెండి," అన్నాడతను. "మీ పిల్లల బూట్లు నా సున్నం కంటే తెల్లగా ఉన్నాయి. వాళ్లనే వరసగా నిలబెట్టండి, గీత గీసే బాధ తప్పుతుంది."

"మా పిల్లలు పరిగెత్తడానికి వచ్చారు మాస్టారూ, మీకు గీతలుగా నిలబడడానికి కాదు."

"ఆ బూట్లతోనా? మాసిపోతే మీ మేడమ్ ఊరుకుంటారా?"

నిజంగానే మేడమ్ ఊరుకోరు. అంతలోనే ఒక పిల్ల పరిగెత్తి బోర్లాపడి మోకాలు దోక్కుపోయి ఏడుపు అందుకుంది. టీచరు ఆ పిల్లని ఎత్తుకుని గ్రౌండు మూలనున్న కొళాయి దగ్గరికి పరిగెత్తింది. అరచేత్తో దాని నెత్తిన ఒక్కటి మొట్టి, మామూలుగా అందరూ బిగించే వైపుకు తిప్పింది. నీళ్లు ధారగా పడ్డాయి. మోకాలు కడిగి, ఊది, రుమాలు కట్టి తలెత్తేసరికి మాస్టారు బకెట్టు కింద పెట్టేసి ఆమెనే చూస్తున్నాడు.

"ఈ కొళాయి కొత్తవాళ్లెవరికీ లొంగదండీ. మొన్న తనిఖీకి వచ్చిన పెద్దాయన చెమటలు కక్కాడు గానీ చేతులు కడుక్కోలేకపోయాడు. నాకే ఎన్నో రోజులు పట్టింది. మీకెలా తెలుసు?"

"కొళాయి అన్నాక తిప్పితే నీళ్లు రావా?" అని ఆమె పిల్లల్ని లైన్లో పెట్టుకుని చకచకా వెళ్లిపోయింది. కొళాయి వైపు మళ్లీ తిరిగి చూస్తే ఒట్టు.

ఎందుకంటే ఆమె ఆ బళ్లోనే చదివింది. చివరి గదిలో అక్షరాలు దిద్దింది. ఆ కొళాయి కింద దోసిలిపట్టి తాగని రోజు లేదు. కానీ ఉద్యోగానికి వెళ్లినప్పుడు మేడమ్ మొదటి ప్రశ్నే ఎక్కడ చదివావని. అంతకు ముందే ఇంకో అమ్మాయి సర్కారు బడి అన్నందుకు, మేడమ్ మర్యాదగా నవ్వి మళ్లీ కబురు చేస్తామని పంపేయడం ఆమె కళ్లారా చూసింది. దాంతో ఆమె నోట్లోంచి "బోర్డింగు స్కూలండీ" అన్న మాట జారిపోయింది. అదెక్కడని అడిగితే చాలా దూరమండీ అంది. ఆ రోజు నుంచి ఆ అబద్ధాన్ని మోస్తూనే ఉంది. బస్సు కండక్టరైన నాన్న స్కూలు వైపు వస్తే ఎక్కడ నోరు జారుతాడోనని ఆయన్ని వీధి చివరనే ఆపేసేది. ఇష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. పిల్లలంటే ప్రాణం. అది ఒక్క మాటతో ఊడిపోతుంది.

మర్నాటి నుంచి మాస్టారు వేధించడం మొదలుపెట్టాడు. ఒకరోజు బోర్డింగు స్కూల్లో కూడా కొళాయిలు మొండివేనా అని అడిగాడు. ఆ మాట అతని చెవిదాకా ఎలా వెళ్లిందో ఆమెకి అంతుపట్టలేదు. ఇంకోరోజు ఆమె వస్తుంటే కొళాయికి సలాము కొట్టి, "నీ పాత స్నేహితురాలు వచ్చింది" అన్నాడు. ఆమె రాత్రంతా ఆలోచించి, మర్నాడు సూటిగా వెళ్లి, నోరు మూసుకోవడానికి ఏం కావాలో చెప్పమంది.

అతను నిజంగానే ఆలోచించాడు. "రోజూ ఒక కప్పు కాఫీ. తలుపు దగ్గర. మీరూ తాగాలి."

అలా మొదలైంది ఆ బెదిరింపు వ్యవహారం. గోడలోని తలుపుకు అటు అతను, ఇటు ఆమె, మధ్యలో గడప మీద అతను తెచ్చిన ఫ్లాస్కు. అతను ఆమెకి ఫ్లాస్కు మూతలో పోసిచ్చి తాను గ్లాసులో తాగేవాడు. సర్కారు పిల్లలు ఎంత వేగంగా పరిగెత్తుతారో అతను కోతలు కోస్తే, తన పిల్లలు ఎంత చక్కగా పాడతారో ఆమె గొప్పలు పోయేది. కొన్నాళ్లకి కాఫీ వేళ కోసం తాను గడియారం చూసుకుంటోందని ఆమెకే తెలిసిపోయింది. బెదిరింపులో ఇంత సుఖం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఒక మధ్యాహ్నం ప్రాక్టీసు మధ్యలో వాన దంచి కురిసింది. రెండు బళ్ల పిల్లలూ కేరింతలు కొడుతూ సర్కారు బడి వరండాలోకి దూరారు. వరండా కూడా అక్కడక్కడా కురుస్తోంది. కురవని చోటల్లా పిల్లలు ఆక్రమించేశారు. మిగిలిన చోట మాస్టారూ టీచరూ భుజాలు తగిలేలా నిలబడాల్సి వచ్చింది. ఆమె వానని చూస్తోంది. అతను వానని చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

అంతలో తెల్ల బూట్ల పిల్లాడొకడు ఊడిన టై పట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చాడు. ఆ స్కూలు టైకి ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. ముడి వేశాక తోకని వెనక్కి మడిచి, లోపలి మడతలోంచి దూర్చాలి. గాలికి ఎగరకూడదని మేడమ్ స్వయంగా కనిపెట్టిన పద్ధతి. చేరిన కొత్తలో టీచరు దాన్ని ఇంట్లో నాన్న మెడ మీద సాధన చేసింది. ఆ పెద్దమనిషి జన్మలో టై కట్టింది అప్పుడే.

ఆమె చెయ్యి చాచేలోపలే మాస్టారు ఆ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని, వానని చూస్తూనే, టకటకా ముడి వేసేశాడు. తోక వెనక్కి మడిచి లోపలికి దూర్చాడు కూడా.

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "ఆ ముడి మీకెవరు నేర్పారు?"

మాస్టారు ఆ టైని చటుక్కున వదిలేశాడు. ఇప్పుడు దొరికిపోవడం అతని వంతైంది. చివరికి చెప్పేశాడు. తానూ గోడ అవతల స్కూల్లోనే, బేబీ క్లాసు నుంచీ చదివానన్నాడు. ఆ ముడి నేర్పింది వాళ్లమ్మ. వాళ్లమ్మే ప్రిన్సిపల్ మేడమ్.

టీచరు వెనక్కి జరిగి కురిసే చోట నిలబడింది. "మేడమ్ కొడుక్కి క్రీడల శాఖలో ఏదో పెద్ద హోదా అని స్టాఫ్ రూములో అందరూ చెప్పుకుంటారే?" అంది.

"హోదా అబద్ధం కాదండీ. ఇంత జాగాకి నేనే రాజుని," అన్నాడతను. ఆమె నవ్వలేదు. దాంతో అతనూ నవ్వు మానేశాడు. "మీ బోర్డింగు స్కూలు గొప్పలు అమ్మ నోటే విన్నాను. కొళాయి సంగతి ఆవిడకి నేనేమీ చెప్పలేదు. ఈ బళ్లో చేరినప్పటి నుంచీ ఇంట్లో ఉద్యోగం ఊసెత్తితే ఆవిడ లేచి వెళ్లిపోతుంది. మిమ్మల్ని ఏడిపించింది ఊరికే కాదు. ఆ కొళాయి నెత్తిన మొట్టిన రోజు నుంచీ మీరంటే నాకు ఇష్టం."

ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట. ఇప్పుడు వింటే ఏడుపొచ్చింది ఆమెకి. "మీకిది ఆట. నాకిది ఉద్యోగం. నేనెవరో తెలిస్తే మీ అమ్మగారు మీ ఇంటి గుమ్మం తొక్కనివ్వరు. నిజం దాచి తొక్కడం నాకు చేతకాదు."

వాన ఆగకుండానే ఆమె పిల్లల్ని గొడుగుల కింద తోలుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కాఫీ లేదు, కబుర్లు లేవు. ఫ్లాస్కు మాత్రం రోజూ గడప మీద బిక్కుబిక్కుమంటూ కూర్చునేది. అతని విజిల్ కూడా జలుబు చేసినట్టు మోగేది.

ఇది చాలదన్నట్టు మేడమ్ ఆమెని పిలిచి, ఇకపై చిన్న తరగతులన్నిటికీ ఆమెనే హెడ్‌గా వేస్తున్నట్టు చెప్పారు. పోటీల రోజున తల్లిదండ్రుల ముందే ప్రకటిస్తారట. వేరే ఎవరికైనా ఏనుగెక్కినంత సంబరంగా ఉండేది. ఆమెకి ముద్ద దిగలేదు.

పోటీల రోజు రానే వచ్చింది. మేడమ్ ఆ తలుపు దాటడం అందరూ మొదటిసారి చూశారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఎటూ చూడకుండా తిన్నగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పరుగుల్లో సర్కారు పిల్లలు గెలిచారు, మధ్యలో పెట్టిన పాటల పోటీలో తెల్ల బూట్లవాళ్లు గెలిచారు. తాడు లాగే పోటీలో అందరూ కలిసి దొర్లారు. అప్పుడు మేడమ్ మైకు ముందుకొచ్చి, మంచి బోర్డింగు స్కూలు చదువు మనిషిని ఎలా తీర్చిదిద్దుతుందో ఈ టీచరుని చూసి తెలుసుకోవచ్చని తల్లిదండ్రులకి చెప్పి, మైకు ఆమె చేతికిచ్చారు.

టీచరు గ్రౌండు చివర చూసింది. మాస్టారు కొళాయి పక్కన నిలబడి, వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. ఉద్యోగం పోతుందని అతని భయం.

"మేడమ్ చెప్పిన బోర్డింగు స్కూలుని నేను ఫోటోలో కూడా చూడలేదు," అంది ఆమె. మైకుని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "నేను చదివింది ఇక్కడే. కిటికీకి ఒక రెక్క లేదు చూడండి, ఆ చివరి గదిలో. అబద్ధం చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను. తప్పు నాది. ఈ బడిది కాదు."

ముందు సర్కారు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా తెల్ల బూట్లవాళ్లూ కొట్టారు. మేడమ్ ఏదో అనబోయారు గానీ, దుమ్ముకో కోపానికో దగ్గు తెర కమ్ముకొచ్చి మాట రాలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంటూ లేచి కొళాయి వైపు నడిచారు. టీచరు భయపడి వెనకే పరిగెత్తింది. కోటు వేసుకున్న ఒక తండ్రి అందరికంటే ముందు చేరి, మేడమ్ కోసం కొళాయి తిప్పబోయాడు. అది కదల్లేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా కదల్లేదు. మాస్టారు ముందుకొచ్చేలోపు మేడమ్ విసుగ్గా ఆ కోటాయన్ని పక్కకి నెట్టారు.

అరచేత్తో కొళాయి నెత్తిన ఒక్కటి మొట్టి, బిగించే వైపుకు తిప్పారు.

నీళ్లు ధారగా పడ్డాయి. మేడమ్ దోసిలిపట్టి, తృప్తిగా, చిన్నపిల్లలా చప్పుడు చేస్తూ తాగారు. ముఖం ఎత్తేసరికి కొడుకూ టీచరూ నోళ్లు తెరిచి చూస్తున్నారు. కోటాయన ఏమీ అర్థంకాక అరచేతులు ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

"అమ్మా," అన్నాడు మాస్టారు. "ఇది నీకెలా..."

"నేను నాలుగో తరగతిలో ఉండగానే పాడైందిరా ఇది. ఇప్పటికీ బాగుచేయించుకోలేదు మీరు." మేడమ్ తడి చేతులు రుమాలుకి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత టీచరు వైపు తిరిగారు. "ఆ కిటికీ రెక్క మొదటి నుంచీ లేదనుకున్నావా? పందెం కట్టి దూకబోయి ఊడగొట్టింది నేనే."

మేడమ్ గొంతు తగ్గించి చెప్పారు. స్కూలు పెట్టిన కొత్తలో, తానెక్కడ చదివిందో తెలిస్తే ఒక్కరైనా పిల్లల్ని పంపుతారా అని భయమేసిందట. అప్పటి భయమే అలవాటైపోయిందట.

"ఇన్నేళ్లూ మా ఆయనకి కూడా చెప్పలేదు నేను. నువ్వు మైకు పెట్టి చెప్పేశావు." ఆవిడ కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, ఈసారి దగ్గు లేదు. "చిన్న తరగతులు నువ్వే చూసుకుంటున్నావు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోను. సర్కారు బడి అన్నందుకు ఆ రోజు పంపేసిన అమ్మాయికి కూడా కబురు చెయ్యి."

ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాడు మాస్టారు. "అమ్మా, ఇంకో సంగతి. ఈవిడ ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటాను."

మేడమ్ కొడుకుని పైనుంచి కిందిదాకా చూశారు. సున్నం చేతులు, మాసిన బూట్లు. ఆ తర్వాత టీచరుని చూశారు. పరీక్షలో చివరి ప్రశ్న అడిగే ముఖం పెట్టారు.

"కోడలు ఎక్కడ చదివిందని నలుగురూ అడుగుతారు. ఏం చెప్పమంటావమ్మా?"

టీచరు మాస్టారి వైపు ఒక్కసారి చూసి, తల దించుకోకుండానే చెప్పింది.

"అత్తగారు చదివిన బళ్లోనే అని చెప్పండి."

మాస్టారు సంతోషంలో ఏం చేస్తున్నాడో తెలియక కొళాయి కట్టేయబోయాడు. అందరూ బిగించే వైపుకే తిప్పాడు. నీళ్లు ఇంకా ఎగజిమ్మి తల నుంచి కాళ్లదాకా తడిసిపోయాడు.