ఏడో ట్రేలో చెవి

"మొగామి చెవిలో హంతకుడి గొంతుంది," అన్నాడు చీఫ్, కాల్చిన ఎద్దు నాలుక తాపీగా నములుతూ.

సెందాయ్ స్టేషన్ పక్క హోటల్లో, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ అకుత్సు చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. మొగామి అతనికి పై అధికారే కాదు, అన్నలాంటివాడు. నిరుడు అతన్ని సొంత ఫ్లాట్‌లోనే ఎవరో కాల్చి చంపారు. మాట్లాడబోయే ముందు చిన్నగా దగ్గడం మొగామి అలవాటు. చచ్చిపోయినా మానలేదు. అకుత్సు వెనకాల ఆ దగ్గు వినపడుతూనే ఉంది. అది వినపడకూడదని చీఫ్ డాక్టరు చేత రాయించిన మాత్రలు అయిపోయాయి గానీ దగ్గు మాత్రం పోలేదు.

చీఫ్ సంగతి వివరించాడు. మొగామి మధ్యచెవిలో, ఎముకకు అంటించిన బియ్యపుగింజంత రికార్డర్ ఉంది. అమర్చిన ప్రొఫెసర్ కురోజుమి ఇన్నాళ్లూ భయంతో నోరు విప్పలేదు. మొగామి తన దేహాన్ని వైద్య కళాశాలకు రాసిచ్చాడు. రేపు మధ్యచెవి శాస్త్రవేత్తల సదస్సులో, దానంగా వచ్చిన చెవి ఎముకల మీద డ్రిల్లింగ్ ప్రదర్శన. ఏడో ట్రేలోది మొగామిది.

"రికార్డర్ మాట కావాలనే బ్యూరోలో పొక్కనిచ్చాను. విదేశీ ముఠా మనిషి మనలోనే ఉన్నాడు, దాన్ని పాడుచెయ్యడానికి వస్తాడు. ఏ ట్రేనో నాకూ, నీకూ, ప్రొఫెసర్‌కే తెలుసు. ఇంకెవరికైనా తెలిస్తే వాడే దొంగ."

మర్నాడు అకుత్సు డ్రిల్లులు బాగుచేసే మెకానిక్ వేషంలో హాల్లోకి వెళ్లాడు. బ్యూరో తరఫున దుబాసిగా వచ్చిన శిహో కనపడింది. నల్ల పట్టు గౌను, చెవులకు ముత్యాలు, మెడలో హెడ్‌ఫోన్. మైక్రోస్కోపుల్లో చూడాల్సిన కళ్లన్నీ ఆమె మీదే ఉన్నాయి. మొగామిని పెళ్లాడాల్సిన మనిషి.

"సన్నబడ్డావు. వేళకి తింటున్నావా?" అంది మెల్లగా.

"తింటున్నాను వదినా."

డ్రిల్లు పట్టేముందు దాతలకు మౌనప్రార్థన. అందరూ లేచి, తెల్ల చామంతులు పెట్టిన వేదిక వైపు తిరిగి తలలు వంచారు. అకుత్సు కూడా కళ్లు మూసుకుని మనసారా అన్నను తలుచుకున్నాడు.

వెనకాల దగ్గు వినపడింది.

ఒళ్లు జలదరించి కళ్లు తెరిచాడు. అన్ని తలలూ పూల వైపే వంగి ఉన్నాయి, ఒక్కటి తప్ప. శిహో పూలకు వీపు పెట్టి, ఏడో ట్రేకి చేతులు జోడించి నిలబడింది. అంటే ఏ ట్రేనో ఆమెకు తెలుసు.

ప్రార్థన ముగిసింది. ఏడో ట్రే మీద ప్రొఫెసర్ డ్రిల్లు మోగింది. ఎముక తడపడానికి పైన వేలాడదీసిన సీసాలోంచి ట్యూబులోకి నీళ్లు దిగుతున్నాయి. అందరి ముందూ ఎముకలోని రికార్డర్‌ని పాడుచెయ్యాలంటే అదొక్కటే దారి. అకుత్సు ఒక్క గంతులో వెళ్లి ట్యూబు నులిమేశాడు. అప్పటికే కొసన నిలిచిన చుక్క ఎముక మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. చొక్కా చెయ్యి పొగలు కక్కింది. సీసాలో ఉన్నది యాసిడ్.

శిహో పారిపోలేదు. ఆమె హెడ్‌ఫోన్‌లో లోహాన్ని పసిగట్టే యంత్రం దొరికింది. పొద్దున్నే దాంతో ట్రేలన్నీ వెతికిందట.

"ఎందుకు వదినా?" అన్నాడు అకుత్సు. చెయ్యి కాలిన బాధ కన్నా అదే ఎక్కువ మండింది.

"చంపింది నేనే. అలాగని ఎదురుగా ఉంటే దండం పెట్టుకోకుండా ఎలా ఉండను?"

సాయంత్రం రికార్డర్ వినిపించారు. తలుపు చప్పుడు. తర్వాత శిహో గొంతు: "వచ్చావా? బూట్లు విప్పి రా, చారు చల్లారిపోతోంది." ఆ తర్వాత తుపాకీ.

రికార్డర్ ఆపేసి చీఫ్ అడిగాడు. "అందరూ కళ్లు మూసుకుంటే నువ్వెందుకు తెరిచావు?"

"వెనకాల ఎవరో దగ్గారు సార్."

"నీ వెనక ఉన్నది గోడ కదయ్యా."

"ఇంక ఆ మాత్రలు రాయించకండి సార్," అన్నాడు అకుత్సు.