మూసేసే దారిలో నాలుగు రోజులు

“డ్రైవర్ ఇంకా రాలేదా అండీ?” అని సర్వేయర్ మూడోసారి కూడా డ్రైవర్నే అడిగాడు.

ఆమె జీపు అద్దం తుడవడం ఆపి గుడ్డ భుజాన వేసుకుంది. “వచ్చి అరగంటయింది. మీ పెట్టెలెక్కించింది ఎవరనుకున్నారు?”

“సారీ అండీ! ఎవరో పెద్దాయన వస్తారని చెప్తేనూ...”

“ఆయన మా నాన్న. మోకాళ్లు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. కావాలంటే ఎత్తుకొచ్చి పక్కన కూర్చోబెడతా. బ్రేకు మాత్రం నేనే తొక్కాలి.”

అతను పకపకా నవ్వాడు. వెనక సీటు వదిలేసి ముందుకొచ్చి కూర్చున్నాడు.

కొండకి అవతలి ఊళ్లో అతని ఆఫీసు. ఐదు సరస్సుల పక్కనుంచి, నలభై రెండు మలుపులు తిరిగే ఆ దారిని వెళ్లేటప్పుడు కొండవైపు, వచ్చేటప్పుడు లోయవైపు కొలవాలి. నాలుగు రోజుల పని.

ప్రతి మలుపులోనూ దిగేవాడు. బండరాళ్ల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసేవాడు. ఈలోగా ఆమె ఫ్లాస్కులోంచి టీ వంచి పెట్టేది.

“అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. చదువుకున్నారా అసలు?”

“రాయి వంకరగా ఉందండీ!”

“మరే. పాపం రాయిది తప్పు.”

రోడ్డు వెడల్పు చేస్తారని ఆమే అనుకుంది. దారిలో కనిపించిన ప్రతి టీ కొట్టువాడికీ చెప్పింది. “పెద్ద బస్సులొస్తాయి. ఇంకో నాలుగు బెంచీలు చేయించుకో బాబాయ్!” అంది. పక్కనే ఉన్న సర్వేయర్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. సిగ్గరి అనుకుని ఆమె ముచ్చటపడింది కూడా.

రెండో రోజు సాయంత్రం ఒక సరస్సు మీద చిన్న తుంపర పడింది. నీళ్లన్నీ చిల్లులు పడ్డట్టయ్యాయి. ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. అతని ఎడమ భుజం తడిసిపోతున్నా గొడుగు ఆమెవైపే వంచి ఉంచాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ రాత్రి గెస్ట్‌హౌస్ గదిలో అద్దం ముందు మామూలు కన్నా ఎక్కువసేపు తల దువ్వుకుంది.

మూడో రోజు గాలికి అతని కాగితాలు సీటు మీంచి ఎగిరాయి. ఏరి సర్దబోతూ ఆమె పైనున్న అతని రిపోర్టు చదివింది. ‘దారిని శాశ్వతంగా మూసివేయవలెను.’

అతను తిరిగొచ్చేసరికి ఇంజను ఆపేసి కూర్చుని ఉంది.

“ఎన్నాళ్లయింది మీకు తెలిసి?”

“ముందు నుంచీ అనుమానమే. నిన్న ఖాయమైంది.”

“మరి బెంచీలు చేయించుకోమంటుంటే నోరెందుకు మెదపలేదు? నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించారా?”

“మొదటి రోజే చెప్దామనుకున్నాను. మీరు అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు.”

“ఎంత దయ!”

అతను ఆమెను ముప్పై ఒకటో మలుపు అంచుకి తీసుకెళ్లాడు. గడ్డి తప్పించి చూపించాడు. నేల బీట వారి ఉంది. చెయ్యి పెడితే భుజం దాకా దిగిపోయింది. కింద పెద్ద సరస్సు నీలంగా, ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

“ఈ వానలకో, వచ్చే వానలకో, మొత్తం జారిపోతుంది.”

ఆ దారి లేకపోతే జీపు లేదు, ఇల్లు గడవదు. ఆమెకి వచ్చిన పని అదొక్కటే.

“రెండేళ్లు ఆగొచ్చని రాయమంటే రాస్తాను,” అన్నాడతను మెల్లగా. “మీ కోసం రాస్తాను.”

పైనుంచి బస్సొకటి దిగింది. కిటికీలోంచి ఎవరో పాప చెయ్యి ఊపింది.

“ఉన్నదే రాయండి,” అని వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుంది.

నాలుగో రోజు ఊరు చేరాక అతన్ని ఇంటికి తీసుకెళ్లింది. నాన్న మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు.

“నాన్నా, మన దారి మూసేది ఈయనే.”

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. “ఏ మలుపు బాబూ?”

“ముప్పై ఒకటి.”

ఆయన తల దించుకున్నాడు. “నాకు తెలుసు. ఆరేళ్ల నుంచీ. రోడ్డు చీలితే నేనే మట్టి కప్పేవాణ్ణి. ఎవరికి చెప్పినా పొయ్యి ఆరిపోయేది.”

“నన్ను కూడా దాని మీదే పంపావా నాన్నా?” అందామె.

ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

గుమ్మం బయట సర్వేయర్ ఆగాడు. “నాతో వచ్చెయ్యండి. పెళ్లి చేసుకుందాం. ఆయన్నీ తీసుకెళ్దాం.”

“ఈ ఊళ్లో ఇంటింటా మిమ్మల్ని తిట్టుకుంటారు. మా నాన్న నన్ను చూసి ముఖం కప్పుకున్నాడు. నాకిప్పుడు పెళ్లా?” అంది. ఏడవలేదు. “పొద్దున్నే బస్సుంది. ఎక్కండి.”

అతను ఎక్కాడు. నెల తిరక్కుండా దారికి గేటు పడింది. టీ కొట్లు మూతపడ్డాయి. ఆమె జీపు అమ్మేసి, మార్కెట్టులో కూరగాయల వ్యాన్ నడపడానికి కుదిరింది. ఇంట్లో తండ్రీ కూతుళ్లు అన్నానికి పిలుచుకోవడం తప్ప మాట్లాడుకోలేదు.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఊరంతా అదిరింది. సాయంత్రానికి పెద్ద సరస్సు బురద రంగుకి తిరిగిందని కబురొచ్చింది.

ఆమె అతనికి ఫోన్ చేసింది.

“జారిపోయింది.”

“ఎవరైనా...”

“ఎవరూ లేరు. బస్సూ లేదు, మనిషీ లేడు.”

అవతల అతను వెక్కివెక్కి ఏడవడం వినిపించింది. ఆమె అలాగే వింది. గేటు వేసిన రోజు నుంచీ అదిమి పెట్టుకున్న ఏడుపు ఆమెకీ అప్పుడొచ్చింది.

“నేను రానా?” అన్నాడు చివరికి.

“దారేదీ?”

“చుట్టూ తిరిగి. రెండు రోజులు పడుతుంది.”

ఆమె రమ్మనలేదు. వద్దనీ అనలేదు. ఫోన్ మాత్రం పెట్టేయలేకపోయింది.