పెబ్రెకు కొన్న మూడు బొమ్మలు

రోజూ ఉదయం ఒట్టీలియా లేవగానే వీధి తలుపు తెరిచిపెట్టేది. వాల్పరాయీసో రేవుపట్నంలో కొండ మీద నలభై ఏళ్ళు బతికిన మనిషి. అక్కడ పొద్దెక్కినా తలుపు తెరవకపోతే ఆ ఇంట్లో ఏదో జరిగిందని పక్కవాళ్ళు పరుగెత్తుకొస్తారు. కింద ఊళ్ళో, కూతురు యాస్నా ఉండే అపార్టుమెంటు మూడో అంతస్తులో, తెరిచి ఉంచితేనే తప్పు. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఆ అలవాటు పోలేదు.

కొండ మెట్ల మీద జారిపడి తుంటి విరిగాక యాస్నా తల్లినీ, తల్లి కుక్క పెబ్రెనీ తన దగ్గరికి తెచ్చుకుంది. అంతకుముందు ఒట్టీలియా రొట్టెలు కాల్చి బుట్టలో ఇంటింటికీ తిప్పి అమ్మేది. పెబ్రె ముందు నడిచేవాడు. ఒక్కో గుమ్మం దగ్గర నిలబడి, తలుపు తీసేదాకా మొరిగి, తీశాక పక్కింటికి పోయేవాడు. అపార్టుమెంటులో వాడికేం పని ఉంటుంది? మొదటి నెలలోనే రెండు జతల చెప్పులూ, సోఫా చెయ్యీ నమిలేశాడు. వాడికి తోచడం లేదనీ, మెదడుకు మేత కావాలనీ పశువుల డాక్టరమ్మ చెప్పింది.

యాస్నా ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజు చూసుకుని తల్లిని బొమ్మల దుకాణానికి తీసుకెళ్ళింది. సులువైనదానితో మొదలుపెట్టి కష్టమైనదానికి వెళ్ళాలనీ, రోజూ ఒకటే ఇవ్వక మార్చి మార్చి ఇవ్వాలనీ దుకాణంలో అమ్మాయి ఓపికగా చెప్పింది. నొక్కితే కీచుమనే బాతును ఒట్టీలియా పక్కన పడేసి, మెట్లన్నీ ఎక్కిదిగిన వాడికి ఇది అవమానమంది. చివరికి మూడు కొన్నారు. దొర్లిస్తే తిండి రాలే బంతి, ముక్కుతో మూతలు జరిపే చెక్కపలక, లోపల తిండి కూరి ఇచ్చే రబ్బరు తిత్తి.

దుకాణంలో ఇచ్చిన కుక్కతిండి గింజల్ని పెబ్రె వాసన చూసి వదిలేశాడు. అప్పుడు ఒట్టీలియా ఇంటికోసం కాల్చిన రొట్టెను తుంచి వాటిలో పెట్టింది. అరగంటలో మూడింటినీ గెలిచాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే వాటిలో రొట్టె నింపి ఇస్తుంటే చెప్పుల జోలికి పోలేదు. ఎంత తెలివైనవాడో చూశావా అని ఆమె కూతురి దగ్గర మురిసిపోయింది.

పదిహేను రోజులకు అపార్టుమెంటు సంఘం నుంచి కాగితం వచ్చింది. కుక్క పొద్దున్నే మెట్ల మీద తిరుగుతూ ఇంటింటి ముందూ మొరుగుతోందట. ఆదివారం లోపల పంపించెయ్యాలట.

"ఈ బొమ్మలు వాడికి చాలడం లేదే. ఇంకా కష్టమైనవి కొందాం," అంది ఒట్టీలియా.

"బొమ్మలు కొన్నాకే మొరుగుడు మొదలైందమ్మా. నువ్వు తలుపు మూసుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"ఇవాళ్టి నుంచి మూస్తాలే."

"నిన్నా అదే అన్నావు."

ఒట్టీలియా పిండి చేతులు దులుపుకుంది. "అయితే నన్నూ పంపించెయ్. నేను మాత్రం ఏం పనికొస్తున్నాను? వాడికి తోచకపోతే బొమ్మలు కొన్నావు. నాకు తోచకపోతే టీవీ కొన్నావు."

యాస్నా సంఘం కాగితాన్ని మడిచి సంచిలో కుక్కింది. "సాయంత్రం నేను వచ్చేసరికి నువ్వు ప్రాణాలతో ఉండాలని తెచ్చుకున్నాను. అదీ తప్పేనా?" అంది.

శనివారం దగ్గర్లోని ఓల్మువే అనే ఊరి నుంచి యాస్నా పిన్నికొడుకు నెల్సన్ బండి వేసుకొచ్చాడు. వాళ్ళకు తోట ఉంది, కుక్క హాయిగా తిరుగుతుందన్నాడు. మూడు బొమ్మల్నీ రొట్టెతో నింపి సంచిలో వేసిచ్చిన ఒట్టీలియా మళ్ళీ వంటింట్లోంచి బయటికి రాలేదు. పెబ్రె బండెక్కి, మెట్లవైపే చూస్తూ నిలబడ్డాడు.

సోమవారం పొద్దున యాస్నా డ్యూటీకి బయల్దేరుతుంటే కింది అంతస్తు పద్నాలుగో నంబరు పెద్దాయన, అందరూ గౌరవంగా డోన్ అని పిలిచే అనిబాల్, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. భార్య పోయాక ఎవరితోనూ మాట్లాడని మనిషి.

"మీ కుక్కకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. "రోజూ పొద్దున్నే నా గుమ్మం ముందు రొట్టెముక్క పెట్టి, నేను తలుపు తీసేదాకా మొరుగుతాడు. తీశాక ఇంకో ముక్క కోసం పైకి పరుగెత్తి, పక్కింటి ముందు పెడతాడు. వాళ్ళు తియ్యరు. రెండు రోజులైంది, వాడు రాలేదు."

జేబులోంచి రుమాలు తీసి విప్పారు. పారెయ్యలేక ఎండబెట్టి దాచుకున్న ముక్కలు. వాటి మీద పంటిగాట్లున్నాయి కానీ ఒక్కటీ కొరికి తిన్నది కాదు.

ఒట్టీలియా ఒక ముక్కను చేతిలోకి తీసుకుంది. "నా రొట్టే," అంది. "వాడు ఆడుకోలేదే యాస్నా. పనికెళ్ళాడు."

యాస్నా భుజం మీది సంచి గుమ్మంలోనే దించేసింది. వెంటనే నెల్సన్‌కు ఫోన్ చేసింది. తనే చేద్దామనుకుంటున్నానని అతను నసిగాడు. మొన్న రాత్రే కుక్క తాడు కొరుక్కుని పోయిందట. బొమ్మల్లో రొట్టె పెట్టింది పెట్టినట్టే ఉందట.

ఆరు రోజులు వెతికారు. బస్టాపుల్లో ఫోటోలు అంటించారు. కొండ మీది పాత ఇంటిదాకా వెళ్ళి, ప్రతి గుమ్మంలోనూ అడిగారు. పెబ్రె కనబడలేదు. ఇంటికి తిరిగొచ్చే దారిలో యాస్నా తల్లి ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. ఒట్టీలియా ఆమె జుట్టు నిమురుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ఇల్లంతా రొట్టె వాసన. తల్లి నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టి కూతురి చేతికిచ్చింది.

"ఈ తుంటితో రోజూ ఇన్ని మెట్లు నేను ఎక్కి దిగలేను. తలుపు తీసేదాకా తట్టు. ఆ పెద్దాయన లేవడానికి కాస్త సమయం పడుతుంది."

యాస్నా కిందికి దిగి పద్నాలుగో నంబరు తలుపు తట్టింది. లోపల చెప్పులు గబగబా ఈడ్చుకొస్తున్న చప్పుడు. తలుపు తీసిన డోన్ అనిబాల్ ముందు కిందికి, ఆమె మోకాళ్ళ దగ్గరికి చూశారు. అక్కడ ఎవరూ లేరు. చాలాసేపటికి గానీ తల పైకెత్తలేదు.