శనివారం వచ్చిన షాకబ్జర్లు

యశోద టమాటా గంపను లారీ పక్కన దించి, పైన కప్పిన గోనెపట్ట తీసింది.

"చూడు బావా. కోసినప్పుడు ఇవి టమాటాలు. చింతామణి మార్కెట్టు చేరేటప్పటికి చారు. ఉప్పొక్కటే తక్కువని తిరగ్గొట్టినారు."

లారీ కింద నుంచి మునినారాయణ తల బయటికి పెట్టాడు. ముఖం నిండా నూనె మరకలు.

"నేనేం చేద్దును? రోడ్డు అట్లుండాది."

"చింతామణి పిళ్ళప్ప లారీ గూడా ఆ రోడ్లోనే పోతాది. వాళ్ల టమాటాలు నవ్వుకుంటా దిగుతాండాయి."

మునినారాయణది యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన లారీ. తండ్రి కొన్నాడు, తండ్రి పోయాక లారీతోపాటు దాని రోగాలు కూడా కొడుక్కి వచ్చాయి. కుదుపును ఆపే వెనక షాకబ్జర్లు రెండూ తుప్పు పట్టి, లోపలి నూనె కారిపోయి, పేరుకు మాత్రం వేలాడుతున్నాయి. చక్రం గుంటలో పడితే ఆ కుదుపంతా టమాటాలదే.

"బెంగళూరికి చెప్పి పంపినా. కొత్తవి వస్తాండాయి," అన్నాడు.

"తొందరగా రానీ. ఆదివారం మధ్యాన్నం పిళ్ళప్ప వాళ్లు మా ఇంటికొస్తాండారు."

"టమాటా లోడు మాట్లాడేదానికా?"

"లోడూ మాట్లాడతారు. వాళ్ల కొడుక్కి నన్నూ అడుగుతారు. నాయన రెండిటికీ ఒకేసారి మాటిస్తాడంట."

మునినారాయణ లారీ కింద నుంచి పూర్తిగా బయటికి వచ్చాడు. "నీకిష్టమేనా?"

"నన్నెవరడిగినారు? నువ్వడిగితివా?"

గంప అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. వరసకు బావే, పరగోడులో రెండు వీధుల దూరమే. అయినా అడగాల్సిన మాటను అతను వాయిదా వేస్తూ వచ్చాడు. లారీ బాగుచేసి, యశోద తండ్రి ఆదినారాయణప్పను ఎక్కించుకుని ఒక తిప్పు తిప్పి, ఆయన భేష్ అన్నాక పిల్లను అడుగుదామని అతని లెక్క. అంతకంటే దగ్గర దారులున్నాయని తోచలేదు.

ఇంటి ముంగిట్లోనే పని మొదలుపెట్టాడు. జాకీ ఎత్తి, వెనక ఇరుసును రాళ్ల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీశాడు. పాత బోల్టులు తుప్పుతో అతుక్కుపోయాయి. కిరసనాయిలు పోసి నానబెట్టాడు. స్పానర్‌కు ఇనుప గొట్టం తగిలించి లాగాడు. ఒకటే కదిలింది. మిగిలినవాటిని రంపపు బ్లేడుతో కోయాల్సి వచ్చింది.

అతని తల్లి అక్కయమ్మ గడపలో కూర్చుని చూసింది. "ఆ బోల్టును బతిమాలినట్ల ఆదినారాయణన్నను బతిమాలరాదా?"

"బోల్టు నన్ను తిట్టదు లేమ్మా."

శుక్రవారం బస్సులో రావాల్సిన షాకబ్జర్లు, బస్సు చెడిపోయి శనివారం బాగేపల్లికి వచ్చాయి. మునినారాయణ వాటిని సైకిలుకు కట్టుకుని సంబరంగా ఇంటికొచ్చాడు. అక్కయమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఈ పొద్దు ఏ వారం?"

"శనివారం."

"సైకిలు మీద ఏముండాది?"

"ఇనుము," అన్నాడు, సగంలోనే సంగతి అర్థమై.

"ఇంట్లోకి రానీను. శనివారం కొత్త ఇనుము వస్తే దాని వెనకాలే శని గూడా వస్తాడు."

లారీని బయటికి తెద్దామంటే దానికి చక్రాలు లేవు. షాకబ్జర్లను వీధిలో పెడదామంటే తెల్లారేదాకా ఉంటాయన్న నమ్మకం లేదు. అక్కయమ్మ లోపలికి పోయింది. అతను సైకిలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. గడ్డిగంపతో ఇంటికి పోతున్న యశోద ఆగింది. సంగతి విన్నది.

"నాకియ్యి. మా పెరట్లో గడ్డివామిలో దాపెడతా. రేపు పొద్దున్నే తెచ్చిస్తా."

"మీ నాయన శనివారం మేకు గూడా కొననీడు."

"అందుకే దాపెట్టేది."

గడ్డి కింద రెంటినీ పెట్టుకుని, గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున షాకబ్జర్లు వచ్చాయి. తెచ్చింది మాత్రం ఆదినారాయణప్ప. ఎద్దులకు మేత పీకబోతే చేతికి తగిలాయట. ఆయన వెనక యశోద ఉంది. తల వంచుకుంది కానీ మరీ ఎక్కువ కాదు.

"శనివారం సూది గూడా ముట్టని పిల్ల," అన్నాడాయన. "ఈ ఇనుము ఎవరు తెచ్చినారంటే నేనే అంటాది. ఎవరికోసరం మోసిందిరా?"

"నేనే ఇచ్చినా మామా."

"లారీ కోసరమా?"

మునినారాయణ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "లారీ ఒకటే అయితే ఇంకో వారం ఆగుదును. మధ్యాన్నం నువ్వు వాళ్లకు మాటిచ్చేస్తే నేనేం చేద్దును? యశోదంటే నాకిష్టం. లారీ బాగుచేసి, నిన్ను తిప్పి, ఆమీద అడుగుదామనుకుంటి."

"టమాటాలు నలగకపోతే పిల్లనిస్తానని నీకెవరు చెప్పినారు?"

అక్కయమ్మ బయటికొచ్చింది. సంగతి అర్థమై ఆమె ముఖం చిన్నబోయింది.

"నా వాకిట్లో నేను ఆపిన ఇనుము నీ ఇంటికొచ్చిందా అన్నా? ఆ పిల్లను మాకియ్యి. దోషముంటే మేమే పడతాము."

ఆదినారాయణప్ప షాకబ్జర్లను కింద పెట్టి కూతురి వైపు చూశాడు. యశోద ఈసారి తల వంచుకోలేదు. ఆయన నవ్వాడు.

"తొందరగా బిగించు. వాళ్లు బయల్దేరకముందే చింతామణికి మనమే పోయి చెప్పొద్దాం. లోడు పిళ్ళప్పకే ఇస్తా. పిల్లను నీకిస్తా. నీ లారీని మాత్రం నమ్మను."

అక్కయమ్మ ఆయనను మజ్జిగకు లోపలికి పిలిచింది. మునినారాయణ మళ్లీ లారీ కిందికి దూరి చేయి చాపాడు. యశోద కూర్చుని బోల్టు అందించింది.

"శనివారం ఇనుము నెత్తిన పెట్టుకున్నావే, భయం కాలేదా?"

"అయ్యింది," అన్నది యశోద. "నువ్వు ఎప్పటికీ అడగవేమోనని అంతకంటే భయమయ్యింది."