గుండీలు ఎడమవైపు

పొద్దున్నే మిషను ముందు కూర్చున్న అమ్మ సూదిలోకి దారం ఎక్కించలేక తంటాలు పడుతోంది. "ఈ దారానికి పొగరెక్కిందే చిట్టీ!" అని విసుక్కుంది. చిట్టి నవ్వి, ఎక్కించి ఇచ్చింది. ముప్పై ఏళ్ళుగా దర్జీ పని చేస్తున్న మనిషి దారాన్ని తిట్టుకోవడమేమిటని ఒక్క క్షణమైనా ఆలోచించిందా మహాతల్లి! చిట్టి బుర్ర నిండా సీరియలే. నాలుగేళ్ళుగా టీవీలో నడుస్తున్న ఆ హత్య కథ రాసేది ఆమే మరి.

"హంతకుడు ఈ నెలలోనైనా దొరుకుతాడా?" అంది అమ్మ.

"ఇంకో రెండొందల ఎపిసోడ్లు సాగదీయమన్నారమ్మా."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అన్ని రోజులా? పోనీ, ఆ కోటు సంగతైనా తేల్చు. మొదటిరోజే చూశాను. చచ్చిపోయినవాడి కోటుకి గుండీలు ఎడమవైపున్నాయి. ఆడవాళ్ళ కోట్లకే అలా కుడతాం. అంటే వాడి ఒంటి మీదున్నది చంపినవాళ్ళ కోటు, చంపింది ఆడమనిషి. అవునా, కాదా?"

చిట్టి తల దించుకుంది. "అది దుస్తులవాళ్ళ పొరపాటమ్మా. మేమెవరం గమనించలేదు. అసలు చంపిందెవరో ఇంకా అనుకోనే లేదు."

"ఎవరు చంపారో తెలియకుండానే చంపేశారా! నాలుగేళ్ళు కళ్ళలో వత్తులు వేసుకుని చూశానే! కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరిస్తే ఊరుకుంటారా ఎవరైనా?"

"ఉత్త సీరియల్‌కి ఇంత రాద్ధాంతమా? అన్ని రోజులు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"నేను పెట్టుకున్నాను."

అమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టింది. కంటి డాక్టరు ఇచ్చినది. చూపు తగ్గిపోతోంది, తిరిగి రాదు, ఏడాది నిలిస్తే గొప్పే అని రాసి ఉంది. తేదీ చూస్తే రెండు నెలల కిందటిది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే పని మానేసి నా పక్కన కూర్చుంటావు. నా కూతురు ఆ కథ ఎలా ముగిస్తుందో చూడాలి. నాకు వేరే కోరికలేం లేవే."

చిట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరు గుర్తుపెట్టుకుంటారని అన్న తన నోటిని తనే తిట్టుకుంది. కళ్ళు తుడుచుకుని నిర్మాతకి ఫోన్ చేసింది.

"నలభై ఎపిసోడ్లలో ముగిస్తాను సార్. కాదంటే వేరేవాళ్ళతో రాయించుకోండి."

ఆయన కేకలేశాడు, బతిమాలాడు, చివరికి గొణుక్కుంటూ యాభైకి దిగాడు. చిట్టి వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇప్పుడు చిట్టికి హంతకురాలెవరో తెలుసు.

"ఎవరో చెప్పేయనా అమ్మా?"

అమ్మ చటుక్కున ఆమె నోరు మూసేసింది.

"చెప్పావంటే చంపుతా! నా కళ్ళతో నేను చూస్తాను."