పిన్ని పంపిన ఫోటో

పెళ్ళిరోజు పొద్దున ఏడు కాకముందే పిన్ని ముస్తాబై, సోఫా అంచున కూర్చుని మెత్తని గుడ్డతో కెమెరా లెన్సు తుడుస్తోంది. పంతొమ్మిదేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్న చెయ్యి అది. గుడ్డ ఎటు తిప్పితే గీత పడదో, ఎంత నొక్కితే మరక వదులుతుందో ఆ చేతికి ఒకరు చెప్పనక్కర్లేదు. పెళ్ళికూతురికి ఆవిడ తల్లి చెల్లెలు. ఆ పిల్ల పిన్నీ అని పిలవడం మొదలెట్టాక వీధి వీధంతా అలాగే పిలిచింది. ఎక్కడికి వెళ్ళినా మెడలో కెమెరా ఉంటుంది కాబట్టి, వెనకాల "క్లిక్కు పిన్ని" అనేవాళ్ళూ ఉన్నారు.

పెళ్ళికూతురు తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని ఆ పిల్లకి పిన్ని పెట్టిన ముద్దుపేరు పిచ్చుక.

"పిన్నీ, కెమెరా తెస్తున్నావా?"

"తేకుండా ఎలా వస్తానే? నువ్వు పుట్టిన గంటకి నీ మొదటి ఫోటో తీసిందెవరు?"

"నువ్వే. కాదన్నానా? అది కాదు గానీ... అక్క ఒక మాట అందరికీ చెప్పమంది."

"ఏ అక్క?"

"అదే, ఫోటోగ్రాఫర్ అక్క. ఉంగరాలు మార్చుకుని రిజిస్టర్లో సంతకాలు పెట్టేదాకా చుట్టాలెవరూ ఫోటోలు తియ్యొద్దంది. మధ్యలో లేచి అడ్డం రావద్దంది. ఫ్లాష్ అసలే వద్దంట. ఇంకోటి, మేమిద్దరం చూసుకునేదాకా ఎవరూ ఎవరికీ ఫోటోలు పంపొద్దు. అందరికీ చెప్తున్నా పిన్నీ, నీ ఒక్కదానికే కాదు."

మిగతాదంతా ఒక ఎత్తు, ఆ 'అందరికీ' అన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఒక్కగానొక్క పిల్ల, దీనికి ఈ అక్క ఎక్కణ్ణించి ఊడిపడింది? తను మాత్రం అందరిలో ఒకతె అయిపోయిందన్నమాట. పిన్ని గుడ్డ మడిచి సంచిలో పెట్టింది.

"భోజనాలప్పుడు నీ ఇష్టం, ఎన్నైనా తీసుకో," అంది పిచ్చుక బుజ్జగింపుగా.

"తీస్తాలే. ఎంగిలి ప్లేట్లు తీస్తా. ఖాళీ గ్లాసులు తీస్తా."

"అలా అనకు పిన్నీ. నిన్ను తియ్యమని ఎందుకు అడగలేదంటే..."

"కారణాలు నాకెందుకు తల్లీ? ఆలస్యమవుతోంది, వెళ్ళి తల ఆరబెట్టుకో."

పిల్ల లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. పిన్ని చూడలేదు. చూడకూడదనే చూడలేదు.

నాలుగు నెలల నుంచీ ఈ మంట లోపల రాజుకుంటూనే ఉంది. సంబంధం కుదిరిన రోజే పిన్ని కొత్త లెన్సు కొంది. దుకాణంలో కనపడిన ప్రతివాళ్ళకీ "మా పిల్ల పెళ్ళి నేనే తీస్తున్నా" అని చెప్పుకుంది. తర్వాత ఎవరో బయటి అమ్మాయిని మాట్లాడుకున్నారని తెలిసింది. "మంచిదే" అని నవ్వి ఊరుకుంది గానీ ఆ నవ్వు గొంతు దిగలేదు. మధ్యాహ్నాలు దుకాణంలో అన్నం తింటూ ఆ అమ్మాయి తీసిన ఫోటోలు ఫోన్లో ఒక్కొక్కటే పెద్దవి చేసి తప్పులు వెతికేది. ఎక్కడైనా మొహం మీద నీడ పడిందా, ఎవరి చెయ్యైనా సగంలో తెగిందా అని చూసేది. తప్పు దొరికితే ఎంతో కొంత చల్లబడేదేమో. దొరక్కపోవడమే పెద్ద బాధ. కొత్తొక వింత, పాతొక రోత అని ఫోన్ బోర్లా పెట్టేసేది.

పెళ్ళి హాలుకి వెళ్ళేసరికి ఆ అమ్మాయి అప్పటికే వచ్చి ఉంది. సన్నగా, నల్లబట్టల్లో, చప్పుడు చెయ్యని బూట్లతో, రెండు భుజాలకీ రెండు కెమెరాలతో తిరుగుతోంది. పిన్నిని చూడగానే ఎదురొచ్చింది.

"మీరే కదండీ పిన్నిగారు? మీ గురించి ఎన్నిసార్లు చెప్పిందో!"

"ఏం చెప్పిందేం? ఈవిడతో జాగ్రత్తగా ఉండమనా?"

ఆ అమ్మాయి నవ్వేసి కిటికీ తెర కొంచెం పక్కకి లాగి, ఒక కుర్చీ జరిపి దూరం నించి చూసుకుంది. వెలుగు ఏటవాలుగా వచ్చి సరిగ్గా కుర్చీ మీద పడింది. తనైనా ఆ కుర్చీ అక్కడే వేసేది. పిన్నికి కళ్ళలో నిప్పులు పోసినట్టయింది.

అరగంట తర్వాత పిల్ల తల్లి, అంటే పిన్ని అక్క, తలపిన్నులూ దువ్వెనా ఉన్న సంచి ఇచ్చి, పిల్లకి ఇచ్చి రమ్మంది. హాలు వెనకాల పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గది ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. పిన్ని లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయింది.

పిచ్చుక ఏడుస్తోంది. అద్దం ముందు స్టూలు మీద కూర్చుని, ఫోటోగ్రాఫర్ అమ్మాయి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ అమ్మాయి కెమెరాలు రెండూ కుర్చీలో పెట్టేసి వీపు నిమురుతోంది.

మోకాలు చెక్కుకుపోయినా, పరీక్ష తప్పినా, స్నేహితురాలు మాట్లాడ్డం మానేసినా పరుగెత్తుకొచ్చి తన ఒళ్ళో ఏడ్చిన పిల్ల. ఈరోజు, ఇంత పెద్ద రోజు, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి భుజం కావలసి వచ్చిందా? పెళ్ళి ఫోటోలే కాదు, పిల్లనే లాక్కుపోయింది అనిపించింది. చేతులు వాటంతట అవే కెమెరా ఎత్తాయి. ఒక్కసారే నొక్కింది.

వరండాలోకి వచ్చి చూసుకుంది. కిటికీ వెలుగులో పిల్ల మొహం, గడ్డం దగ్గర జారబోతున్న కన్నీటి చుక్క. పాతికేళ్ళలో తను తీసిన వాటిలో ఇంత మంచి ఫోటో లేదు. ఫోన్లోకి ఎక్కించి, అంచున కనబడుతున్న ఆ అమ్మాయి భుజాన్నీ చేతినీ జాగ్రత్తగా కత్తిరించేసింది. ఇప్పుడు పిచ్చుక ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నట్టుంది. 'మా పిచ్చుక, పెళ్ళికి ముందు' అని రాసి, అరవై మంది ఉన్న చుట్టాల గ్రూపులోకి పంపేసింది. ఆ అమ్మాయి ఫోటోలు నెల తర్వాత వస్తాయి. అందరికంటే ముందు చూపించింది తనే.

మొదటి నిమిషం హృదయం బొమ్మలు వచ్చాయి. మూడో నిమిషంలో ఒక పెద్దత్తయ్య, "అదేంటి, అంతలా ఏడుస్తోంది?" అంది. "ఇష్టం లేదేమో పాపం," అన్నారు ఇంకొకరు. "నిప్పు లేందే పొగ రాదు," అన్నాడో దూరపు బాబాయి. పిన్ని తీసేద్దామని తడుముకునేలోపే ఆ ఫోటో ఎన్ని చేతులు మారాలో అన్నీ మారిపోయింది.

పావుగంటకి పెళ్ళికొడుకు తల్లి ముస్తాబు గదిలోకి వచ్చి తలుపు మూసింది. ఆవిడ ఆసుపత్రిలో పెద్ద నర్సు, ఏ మాటైనా మొహం మీదే అడిగే మనిషి. లోపల పిచ్చుక, అక్క, పిల్ల తండ్రి అయిన బావ, ఫోటోగ్రాఫర్ అమ్మాయి, మూలన పిన్ని.

"వదినగారూ, ఒక్క మాట అడుగుతాను, దాచకండి," అంది అక్కతో, చేతిలో ఫోన్ చూపిస్తూ. "అమ్మాయికి ఈ పెళ్ళి ఇష్టమేనా? మావాడికి ఎవరో ఇది పంపించారు. బయట మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మాయి మనసులో ఏముందో తెలిస్తే గానీ లోపలికి రానంటున్నాడు. కోపం కాదండీ, భయపడుతున్నాడు."

అక్క ఫోన్ అందుకుని కొయ్యబారిపోయింది. పనుల హడావుడిలో పొద్దుట్నించీ ఆవిడా బావా ఫోన్లు ముట్టనే లేదు. ఇక పెళ్ళికొడుకు తల్లి ఫోన్‌కి ఫోటో ఒకరి నుంచి ఒకరికి వచ్చింది, మొదట పంపిందెవరో అందులో లేదు.

బావ ఫోటోగ్రాఫర్ అమ్మాయి వైపు తిరిగాడు. "ఏమ్మా, నమ్మి ఆడపిల్ల గదిలోకి రానిస్తే చేసేది ఇదా? ఊరందరికీ రూల్సు చెప్పావే, అవి నీకు లేవా?"

"ఇది నేను తియ్యలేదండీ. కావాలంటే నా కెమెరాలు రెండూ చూసుకోండి."

"పిల్ల ఏడ్చినప్పుడు ఈ గదిలో కెమెరాతో నువ్వు కాక ఇంకెవరున్నారు?"

ఆ అమ్మాయి ఎదురుగా ఉన్న అద్దంలోకి ఒక్కసారి చూసింది. తలుపు అందులో నిండుగా కనబడుతోంది. పిన్నికి అప్పుడర్థమైంది. ఇందాక తను తలుపు దగ్గర నిలబడి నొక్కినప్పుడే ఈ పిల్ల అద్దంలో చూసింది. చూసీ నోరు విప్పడం లేదు.

ఒక్క ఊపిరి సేపు, ఒకే ఒక్క ఊపిరి సేపు, పిన్నికి హాయిగా అనిపించింది. బావ తిడుతున్నాడు, అక్క కోపంగా చూస్తోంది, ఆ అమ్మాయి తల దించుకుంది. నాలుగు నెలలుగా తను కోరుకున్నది ఇదే. ఆ హాయి చూసుకుని, ఛీ, ఇంతకి దిగజారానా అనుకుంది.

"బావా, ఆ పిల్లని ఏమీ అనకు. నేనే పంపాను."

అక్క గిరుక్కున తిరిగింది.

"నువ్వా? ఎందుకే?" అంది అక్క.

"కుళ్ళు. అంతకంటే ఇంకేం లేదు. నా దగ్గర ఏడవాల్సిన పిల్ల ఇంకొకరి దగ్గర ఏడుస్తోందని కడుపు మండింది. తలుపు దగ్గర నిలబడి తీశాను. ఈ అమ్మాయి ఓదారుస్తుంటే ఈమె భుజం కనబడకుండా కోసేశాను. ఆ తర్వాత పంపాను." పిన్ని వియ్యపురాలి ముందుకొచ్చి చేతులు జోడించింది. "వదినగారూ, పిల్ల మనసులో ఏ వంకరా లేదు. వంకరంతా నాదే."

పిచ్చుక లేచి నిలబడింది. కాటుక చెదిరి, ముక్కు ఎర్రబడి ఉంది.

"నేనెందుకు ఏడ్చానో ఎవరైనా అడిగారా? నీ గురించే పిన్నీ! పొద్దున 'ఎంగిలి ప్లేట్లు తీస్తా' అన్నావు చూడు, అప్పుడు నీ మొహం... ఇంటి దగ్గర్నించీ బిగబట్టుకున్నాను. మా పిన్నిని నొప్పించాను అక్కా, ఈ పూటైనా నవ్వుతుందో లేదో అని ఈ అక్కకి చెప్తుంటే ఏడుపు ఆగలేదు."

పిన్ని చెయ్యి చాపబోయింది. పిచ్చుక ఆగలేదు.

"నా చిన్నప్పటి ఆల్బమ్‌లు పదకొండున్నాయి. పెళ్ళిలో పెడదామని అన్నీ వెతికాను. వాటిలో నువ్వు ఎన్ని ఫోటోల్లో ఉన్నావో తెలుసా? రెండిట్లో! ఒకదాంట్లో అద్దంలో సగం మొహం. ఇంకోదాంట్లో నీ బొటనవేలు. నా పుట్టినరోజు ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. పెళ్ళిలో కూడా లేకపోతే ఎలా అని బయటివాళ్ళని పెట్టుకున్నాను. చెప్పబోతే విననే లేదు."

"నా తల్లే," అని పిన్ని ఆ స్టూలు మీదే కూలబడి మొహం దాచుకుంది. ఎప్పుడూ ఇంకొకరి కన్నీళ్ళు ఫోటో తీసే మనిషి అలా బావురుమంటుంటే అక్కకి కోపం నిలవలేదు. పెద్ద నర్సు గొంతు సవరించుకుంది.

"మా ఆసుపత్రిలో అయితే ఏడ్చేవాళ్ళకి ముందు మంచినీళ్ళిస్తాం," అంటూ గ్లాసు అందించింది. "లేవండి వదినగారూ. ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటే కాదు. మావాడు ఇంకా మెట్ల మీదే ఉన్నాడు."

పిన్ని కళ్ళు తుడుచుకుని మెట్ల దగ్గరికి నడిచింది. కుర్రాడు మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి నేలచూపులు చూస్తున్నాడు. ఆవిడ పక్కన కూర్చుని, ఒక్కటీ దాచకుండా జరిగిందంతా చెప్పింది.

"అయితే నా గురించి కాదు కదండీ ఏడ్చింది?" అన్నాడు అతను చిన్నపిల్లాడిలా.

"నీ గురించి ఎందుకేడుస్తుంది నాయనా? నీ పేరు చెప్తే చాలు, వంటింట్లో పాలు పొంగిపోయినా దానికి తెలీదు."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూశాక పిన్నికి ఊపిరి ఆడింది. అక్కడే కూర్చుని చుట్టాల గ్రూపులో రాసింది: 'ఆ ఫోటో నేను దొంగచాటుగా తీసి, సగం కోసి పంపాను. పిల్ల సంతోషంగా ఉంది. ఏడిపించింది నేను. దయచేసి అందరూ దాన్ని తీసేయండి.' నిప్పూ పొగా అన్న బాబాయి ఏదో రాయబోయి మానుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వరండాలో ఫోటోగ్రాఫర్ అమ్మాయి ఎదురైంది.

"అద్దంలో చూశావు కదూ నన్ను? మా బావ అన్నేసి మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెప్తారేమోనని ఆగానండీ. ఇంకొక్క నిమిషం చూసి, చెప్పేసేదాన్నే." ఆ అమ్మాయి మొహమాటంగా నవ్వింది. "అయినా మంచి ఫోటో అండీ అది. అందుకే అంతమంది నమ్మేశారు."

ఆ మెచ్చుకోలు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. "తప్పయిపోయింది తల్లీ," అంది పిన్ని. బావ కూడా వచ్చి, తొందరపడ్డాను, ఏమీ అనుకోవద్దని ఆ అమ్మాయితో నసుగుతూ చెప్పి వెళ్ళాడు.

ఉంగరాలు మార్చుకునే వేళకి పిన్ని మొదటి వరసలో అక్క పక్కన కూర్చుంది. పాతికేళ్ళలో మొదటిసారి ఒక సంబరాన్ని రెండు కళ్ళతో చూసింది. ఉంగరం వేలి కణుపు దగ్గర ఇరుక్కుంటే కుర్రాడి చెవులు ఎర్రబడటం, సంతకం పెట్టేటప్పుడు పిచ్చుక నాలుక కొస బయటపెట్టడం, అక్క ఊపిరి బిగబట్టి తన మోచెయ్యి గిల్లడం, అన్నీ చూసింది. గిల్లిన చోట మండుతుంటే, మండనీలే అనుకుంది.

సంతకాలు కాగానే పిచ్చుక గబగబా దిగొచ్చి, పిన్నిని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్ళింది.

"అక్కా, మా ఇద్దరికీ ఒకటి తియ్యవా?"

అంతమందిని నిలబెట్టి, జరిపి, గడ్డాలెత్తించిన పిన్నికి తను ఎలా నిలబడాలో తెలియలేదు. చేతులు కట్టుకుంది, విప్పింది, వెనక్కి పెట్టుకుంది. పిచ్చుక నవ్వుతూ ఆ రెండు చేతుల్నీ లాగి తన నడుం చుట్టూ వేసుకుంది. పిన్నికి కళ్ళు మళ్ళీ చెమ్మగిల్లాయి. పిల్ల తల మీద గడ్డం ఆనించి అలాగే ఉండిపోయింది.

కెమెరా చప్పుడయింది. ఆ అమ్మాయి దగ్గరికొచ్చి, కెమెరా వెనక తెర ఇటు తిప్పబోయింది.

"ఎలా వచ్చిందో చూస్తారా పిన్నిగారూ?"

"ఎందుకమ్మా," అంది పిన్ని, పిల్లని వదలకుండానే. "నువ్వు తీశావుగా. బాగానే వచ్చుంటుంది."